మూడో దెబ్బ

తొట్టి అంచు మీద చూపుడు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి ఆగాడు ముసలాయన. ఆ చప్పుడు నీళ్ళలో ఎంతదూరం పోయి ఎలా తిరిగొస్తుందో చెవి కాస్త వంచి విన్నాడు. అప్పుడు మూడోది కొట్టాడు.

ముప్ఫై నాలుగేళ్ళు రైలు చక్రాలను సుత్తితో కొట్టి విన్న మనిషి ఆయన. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, బీటవారింది బొంగురుపోతుంది. మొదటి రెండు దెబ్బలూ వినడానికి, మూడోది విన్నది నిజమేనని రూఢి చేసుకోవడానికి. ఉద్యోగం అయిపోయి ఏడేళ్ళయినా ఆ సంగతి వేలికి ఇంకా తెలియలేదు. కుండ కనబడితే కుండ, తలుపు కనబడితే తలుపు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన నోరు చూసే లోపల ఈయన కుర్చీని కొట్టి చూశాడు. యార్డులో అందరూ చెవి మేస్త్రి అని పిలిచేవారు. గాయపడ్డ తాబేళ్ళకు వైద్యం చేసే ఈ కేంద్రంలో ఆ పేరు ఎవరికీ తెలియదు. ఇక్కడాయన రోజూ మూడుకు పావుగంట ముందు వచ్చే పెద్దాయన, అంతే. గేటు దగ్గర పుస్తకంలో పేరు, చిరునామా రాస్తాడు. 'వచ్చిన పని' అన్న గడిలో 'చూడటానికి' అని రాస్తాడు. ఆ పుస్తకం వెనక్కి తిరగేస్తే అయిదు నెలల 'చూడటానికి'లు ఒకదాని కింద ఒకటి కనబడతాయి.

మూడో దెబ్బకు ఏడో తొట్టిలో నీళ్ళు కదిలాయి. అడుగున రాయిలా పడివున్నది రాయి కాకుండా పోయింది. ఎడమ ముందుకాలు సగం లేదు, వల తాడు కోసేసింది. అందుకని ఒకవైపుకు ఒరుగుతూ, గెడ సరిగా పడని పడవలా పైకి వచ్చి, సరిగ్గా ఆయన నిలబడ్డ చోట అంచుకు ముక్కు ఆనించింది. ముడతల మెడ, తడి కన్ను. ఆయన చేయి చాపలేదు. బోర్డు మీద రాసుంది: తాబేళ్ళను తాకరాదు, నీళ్ళలో చేయి పెట్టరాదు, ఆహారం వేయరాదు. ఆ మూడింట్లో ఒక్కటి కూడా ఆయన ఏనాడూ మీరలేదు.

"వచ్చావా," అన్నాడు మెల్లిగా.

మూడయ్యేసరికి తొట్ల పని చూసే అక్క బకెట్టుతో వచ్చింది. నలభై దాటిన మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతులకు ఎంత కడిగినా పోని చేపల వాసన. కేంద్రంలో పెద్దా చిన్నా అందరికీ ఆమె అక్కే. తాబేళ్ళు మనిషిని చూసి తిండి అనుకోకూడదని అక్కడ నియమం. అందుకే ఆమె ఆయన పక్కనున్న చెక్క తెర వెనక వంగుని, చేప మొప్ప కింద మాత్ర దోపి, పొడవాటి పట్టకారుతో తెర కింద నుంచి నీళ్ళలోకి జారవిడిచేది. మాట్లాడకూడదు, బకెట్టు చప్పుడు కూడా కాకూడదు. అన్ని ముక్కలూ అయ్యాక ఇవతలికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, అప్పటిదాకా బిగబట్టిన మాటలన్నీ ఆయన ముందు కుమ్మరించేది. పెళ్ళివారికి వడ్డించినా ఇంత మర్యాద అక్కర్లేదట. తన మొగుడికి ఇలా తెర వెనక నుంచి పెడితే ఎంత బాగుండునో అనేది.

ఆ రోజు ఆమె ఒక కబురు చెప్పింది. గురువారం డాక్టరు ఏడో తొట్టిదానికి ఆఖరి పరీక్ష చేస్తాడట. నెగ్గితే వారంలో సముద్రానికి.

"మంచిదే," అన్నాడు ముసలాయన. మంచిదే అని దారిలో ఇంకోసారి అనుకున్నాడు.

బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు మీద ఒకే గది ఆయనది. మెట్లెక్కి తలుపు ముందు నిలబడి వేలితో రెండుసార్లు కొట్టాడు. భార్య ఉన్నప్పుడు మొదటి రెండు దెబ్బలకు పొయ్యి కట్టేసేది, మూడోదానికి గడియ తీసేది. ఎవరూ అని ఒక్కనాడూ అడిగింది లేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు రెండు కొట్టాక గుర్తొస్తుంది. మూడోది కొట్టడు. జేబులోంచి తాళంచెవి తీస్తాడు.

*

గురువారం ఆయన కాస్త ముందే వచ్చాడు. డాక్టరు ముప్ఫై ఏళ్ళ సన్నటి మనిషి, ఎండకు ముక్కు మీద తోలు ఊడుతోంది. తొట్టి పక్కన నిలబడి చేతులు ఊపాడు, నీడ పడేలా వంగాడు, కాగితాల అట్టను నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పాడు. తాబేలు పట్టించుకోలేదు. అక్క మొహంలో నవ్వు మొదలైంది. డాక్టరు కాగితం మీద ఒక టిక్కు, ఇంకో టిక్కు పెట్టుకుంటూ పోయి, చివరగా పెన్ను తిరగేసి తొట్టి అంచు మీద టకటకా కొట్టాడు.

అది లేచింది. అడుగు నుంచి ఒరుగుతూ, తొందరగా, ఉన్న కాలితో నీళ్ళు తోసుకుంటూ వచ్చి డాక్టరు ఎదురుగా నోరు తెరిచింది.

డాక్టరు అటు జరిగి అక్కడ కొట్టాడు. అక్కడికీ వచ్చింది.

సముద్రంలో ప్రతి పడవా చప్పుడు చేస్తుందని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అంచుకు తెడ్డు తగులుతుంది, డబ్బా పడుతుంది. ఇది భోజనం గంటనుకుని నేరుగా పడవ కిందికి పోతుంది. మొదటిసారి వలకు కాలిచ్చింది, రెండోసారి ఇంజను రెక్కకు తల ఇస్తుంది. ఇలాంటిదాన్ని వదలడమంటే చంపడమే.

తర్వాత అక్క వైపు తిరిగాడు. "బకెట్టు కొడుతున్నావా అక్కా?"

"లేదు సార్."

"మరి ఎవరు నేర్పారు? తిండి పెట్టేది నువ్వొక్కదానివే."

ఆమె పట్టకారు కొనకు అంటిన చేప పొలుసును గోటితో గీరుతూ నిలబడింది. తను చేసేదేమీ లేదని, శనివారం మేనేజరమ్మ వస్తుందని డాక్టరు అన్నాడు. అప్పటికే ఆయన మాట మెత్తబడింది, కానీ మెత్తటి మాటతో నియమం మారదు. తాబేలు ఇక జన్మంతా గేటు దగ్గర అద్దాల తొట్టిలో, పిల్లలు చూడటానికి. అక్క అక్కడ ఒప్పందం మీద చేసే మనిషి. రేపటినుంచి రావద్దంటే ఆగిపోవాల్సిన మనిషి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముసలాయన కుడిచేయి దానంతట అదే జేబులోకి పోయింది. నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. గేటు మూసుకుంటుంది. మూడు గంటలప్పుడు తనకోసం లేచి వచ్చే ప్రాణి ఈ లోకంలో ఇంకొకటి ఉండదు.

పుస్తకంలో వెళ్ళిన సమయం రాసి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం వెళ్ళలేదు. గది ఊడ్చాడు. ఊడ్చిందే మళ్ళీ ఊడ్చాడు. కొళాయి చుక్కచుక్కగా కారుతుంటే వాషరు విప్పి, తిరగేసి బిగించాడు. కారడం ఆగాక గది మరీ నిశ్శబ్దమైపోయింది. రెండున్నరకు చొక్కా తొడుక్కుని మూడుకు విప్పేశాడు. కింద ఇస్త్రీ అతను పెట్టెలో బొగ్గులు కదిపిన చప్పుడు వినబడింది. ఈపాటికి అది అడుగున పడుకుని చెవి పెట్టి ఉంటుంది. తాబేలుకు చెవి ఎక్కడుంటుందో అయిదు నెలల్లో ఎవరినీ అడగలేదని గుర్తొచ్చింది.

అన్నం కలిపి, తినకుండానే కంచం పక్కకు జరిపాడు. యార్డులో ఒక పద్ధతి ఉండేది. చక్రం బొంగురుపోయిందని విన్నవాడే సుద్దముక్కతో దాని మీద అడ్డగీత గీయాలి. పక్కవాడికి చెప్పి గీయించకూడదు, సందేహంగా ఉంది రేపు చూద్దాం అనకూడదు. గీత పడితే పెట్టె పక్కకు పోతుంది, బండి ఆలస్యమవుతుంది, పెద్ద ఆఫీసరు దగ్గర్నుంచి పళ్ళబండివాడి దాకా అందరూ తిడతారు. అయినా ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన విన్న ప్రతి బొంగురుకూ గీత పడింది. ఒకసారి, కూతురి పెళ్ళికి వెళ్తున్న తోటి పనివాడు ఆ బండిలోనే కూర్చుని కిటికీలోంచి చేతులు జోడించాడు. అప్పుడు కూడా గీత గీసేశాడు. ఏడాది పాటు అతను మాట్లాడలేదు.

నిన్న తొట్టి దగ్గర విన్నది తన చప్పుడే. సుద్దముక్క తన జేబులోనే ఉంది.

*

శనివారం గేటు పుస్తకంలో 'వచ్చిన పని' గడి దగ్గర కలం ఆగింది. ఏమీ రాయకుండా లోపలికి నడిచాడు.

ఆఫీసు గదిలో మేనేజరమ్మ కుర్చీలో, డాక్టరు కిటికీ దగ్గర. అక్క తలుపు పక్కన ఉత్తకాళ్ళతో నిలబడి ఉంది. రబ్బరు బూట్లు రెండూ కడిగి, బల్ల పక్కన జతగా పెట్టి ఉన్నాయి, అప్పగించేసినట్టు.

"ఆమె కాదండీ, నేను," అన్నాడు ముసలాయన.

ముందు వాళ్ళకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. మేనేజరమ్మ చాలా మర్యాదస్తురాలు. పెద్దవారు, మీ మనసు మంచిది, రోజూ చూసే మనిషి మీద జాలి ఉంటుంది, కానీ ఇది జాలితో తేలే విషయం కాదండీ అంది. మీరు దానికి ఏమీ వేయలేదని కెమెరాలో చూశాం అని డాక్టరు కూడా అన్నాడు. ఏమీ వేయలేదు, నిజమే. కొట్టాడు, అంతే. ఆయన కొట్టడం, వెంటనే మూడు కావడం, తెర కింద నుంచి చేప రావడం. ఇద్దరు మనుషులు తెలియకుండా కలిసి ఒక అబద్ధం నేర్పినట్టయింది. అదంతా విడమర్చి చెప్పడం ఆయనకు చేతకాలేదు.

"ఒకసారి తొట్టి దగ్గరికి రండి. నేనో కాదో అదే చెబుతుంది."

నలుగురూ నడిచారు. ఆయన వాళ్ళను కొంచెం అవతలగా ఆపి, తన మూలకు వెళ్ళి, జేబులోంచి చేయి తీశాడు. టక్, టక్.

అడుగున తాబేలు తల ఎత్తింది. లేవలేదు. తల అలా ఎత్తి పెట్టి, నీళ్ళలో ఒక ఆకు ఆగినట్టు ఆగింది.

డాక్టరు ముందుకు వంగాడు. ఎంతసేపు ఆపాలో అంతసేపు ఆపాడు ముసలాయన. పంపు నీళ్ళు ఒక కడవ నిండేంతసేపు. తాబేలు కదల్లేదు. అప్పుడు మూడోది కొట్టాడు. అది నేరుగా ఆయన దగ్గరికి, పక్కనున్న ముగ్గురినీ చూడకుండా, ఒరుగుతూ వచ్చింది.

"లెక్క పెట్టుకుంటోంది," అన్నాడు డాక్టరు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వినబడింది ఆ గొంతులో.

మేనేజరమ్మ చాలాసేపు నీళ్ళకేసి చూసి, బూట్లు వేసుకోమని అక్కతో అంది.

ముసలాయన చేయి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇక రానండీ," అన్నాడు.

"అయ్యో, మీరు రాకపోతే కుదరదు," అన్నాడు డాక్టరు. "మానేస్తే అది మరిచిపోదు, ఎదురుచూస్తుంది. ఏడాది తర్వాత ఏ పడవో కొడితే మళ్ళీ లేస్తుంది. మరిచిపోవాలంటే మీరు వచ్చి కొట్టాలి. దానికి ఏమీ దొరకకూడదు. కొడుతూనే ఉండాలి, రాకుండా పోయేదాకా."

*

ఆదివారం పుస్తకంలో 'పని మీద' అని రాశాడు. ఏడేళ్ళ తర్వాత ఆ మాట రాయడం.

తిండి ఇప్పుడు వేళకాని వేళల్లో, ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు మధ్యాహ్నానికి ముందు. మూడుకు మాత్రం ఆయన, డాక్టరు, ఒక గడియారం. మొదటి రోజు అది వచ్చి అంచుకు ముక్కు ఆనించి పదకొండు నిమిషాలు ఉండిపోయింది. ఆయన కదలకూడదు, మాట్లాడకూడదు. వచ్చావా అని కూడా అనకూడదు. మూడో రోజు కోపం వచ్చినట్టు ఉన్న కాలితో నీళ్ళు చిమ్మితే ఆయన కళ్ళజోడు తడిసింది. తుడుచుకోలేదు. అయిదో రోజు నాలుగు నిమిషాలే ఉంది. ఆరో రోజు ఆయన వేలు మెత్తగా పడింది.

"గట్టిగా అండీ," అన్నాడు డాక్టరు. "రోజూ కొట్టినట్టే."

గట్టిగా కొట్టాడు. అది వచ్చింది. నోరు తెరిచింది, మూసుకుంది, తెరిచింది. ఒకరిని ఇంటికి పిలిచి తలుపు తీయకుండా లోపల నిలబడటం ఎలా ఉంటుందో ముసలాయనకు ఆ రోజు తెలిసింది.

ఎనిమిదో రోజు సగం దాకా వచ్చి తిరిగిపోయింది. ఆ రోజు డాక్టరు వెళ్ళాక ఆయన తొట్టి పక్కన మెట్టు మీద కూర్చుండిపోయాడు. అక్క వచ్చి బకెట్టు బోర్లించుకుని పక్కన కూర్చుంది. బోర్డు మీద కొత్తగా నాలుగో నియమం రాయించారని, ఇంకా రంగు ఆరలేదని చెప్పింది. తొట్టిని కొట్టరాదు, అని.

"ఆ నియమం మీ పేరు మీదే బాబాయ్. మీరు పోయాక కూడా ఉంటుంది."

ఆయన నవ్వాడు. కాసేపటికి అసలు మాట అడిగాడు. ఆ గురువారం ఆమెకు అనుమానం రాలేదా?

"అనుమానమేముంది? బకెట్టు తెచ్చే ముందు మాత్రలు సర్దుకునేది తెర వెనకే కదా. అయిదు నెలలుగా వింటున్నాను."

"మరి చెప్పలేదే?"

"చెబితే మిమ్మల్ని రానివ్వరుగా." ఆమె బూటు కొనకు అంటిన ఇసుకను దులిపింది. "మీరు కొట్టినప్పుడు మీరు దాన్ని చూసేవారు. నాకు తెర సందులోంచి మీరే కనబడేవారు."

"నీ ఉద్యోగం పోయేదమ్మా."

"మీ చేయి జేబులోకి పోవడం చూశాను. మీరొస్తారులే అనుకున్నాను."

"రాకపోతే?"

ఆమె కొంచెం ఆలోచించింది. "రాకపోతే చెప్పేసేదాన్నేమో. ఇంట్లో ముగ్గురున్నారు తినడానికి. ఏమో బాబాయ్, శుక్రవారం రాత్రి మాత్రం మిమ్మల్ని బాగానే తిట్టుకున్నాను."

పదో రోజు రెండు దెబ్బలకు తల కూడా ఎత్తలేదు. మూడోది కొట్టాడు. అది అడుగున గోడవారగా ఈదుతూ, తన పనేదో తను చూసుకుంటూ పోయింది. పదకొండో రోజు అంతే. పన్నెండో రోజూ అంతే. డాక్టరు కాగితం మీద మూడో టిక్కు పెట్టి ఆయన చేయి పట్టుకుని ఊపాడు. గెలిచిన చేయి తనదేనా అన్నట్టు ముసలాయన దాన్నే చూసుకున్నాడు.

*

దాన్ని వదిలిన పొద్దున తీరాన తాడు కట్టి చూసేవాళ్ళను వెనక నిలబెట్టారు. ఆయన ఆ జనంలోనే ఉన్నాడు. నలుగురు కలిసి ఇసుక మీద దించగానే అది సముద్రం వాసనకు మెడ చాచింది. సగం కాలితో ఇసుకలో వంకరగా గీత గీసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ పాకుతూ అలలోకి వెళ్ళింది. కాస్త లోపల డాక్టరు ముందే ఒక పడవను నిలబెట్టించాడు. తాబేలు వీపు దాని దగ్గర తేలగానే పడవవాడు తెడ్డుతో అంచు మీద కొట్టాడు. టక్, టక్ అని, ఆగి, ఇంకొకటి. అలా కొట్టమని చెప్పిందెవరో ఆయనకు తెలుసు.

ముసలాయన ఊపిరి బిగబట్టాడు. వీపు ఒక్క క్షణం అక్కడే తేలింది. తర్వాత పడవకు దూరంగా తిరిగి మునిగింది. ఎంత చూసినా మళ్ళీ కనబడలేదు.

పక్కన ఎవరిదో పాప అది టాటా చెప్పలేదేంటని అడిగింది. చెప్పకూడదమ్మా, అన్నాడాయన.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన అటు వెళ్ళలేదు. పుస్తకంలో ఆ గడి దగ్గర ఏమి రాయాలో తోచలేదు. చూడటానికి ఏమీ లేదు, పనీ లేదు. మెట్లెక్కి వచ్చినప్పుడు తలుపు మీద మొదటి రెండు దెబ్బలు కూడా కొట్టడం మానేశాడు. చేయి లేచేది. తాళంచెవి కోసం జేబులోకి దింపేవాడు. నేర్పిన చప్పుడును మరపించే పద్ధతి తాబేలు మీద పనిచేస్తే మనిషి మీద పనిచేయదా అనుకున్నాడు.

అయిదో రోజు భోజనమయ్యాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు, మెలకువా లేదు. మూడు కావస్తోందని కింద ఇస్త్రీ కొట్టులో రేడియో చెప్పింది.

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ముసలాయన తల ఎత్తాడు. లేవలేదు. గాలి కావచ్చు, పక్క గది కావచ్చు. దిండు మీద నుంచి తల అలా ఎత్తి పెట్టి, ఊపిరి ఆపి, ఆగాడు. అవతల చప్పుడు లేదు. ఎంతసేపు ఆపాలో ఎవరికో బాగా తెలిసినట్టు, సరిగ్గా అంతసేపు ఆగింది.

మూడో దెబ్బకు లేచాడు. ఎవరూ అని అడక్కుండానే గడియ తీశాడు.

రబ్బరు బూట్లు సంచిలో పెట్టుకుని, మెట్లెక్కిన ఆయాసంతో అక్క నిలబడి ఉంది.

"పుస్తకంలో చిరునామా చూసి వచ్చాను. ఏడో తొట్టి ఖాళీ చేశాం బాబాయ్. రేపు కొత్తది వస్తోంది. అడుగున ఎక్కడో చెమ్మ కారుతోంది, బీట ఎక్కడుందో డాక్టరుకి దొరకట్లేదు." ఆమె గది లోపలికి ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. "ఖాళీ తొట్టిని కొట్టొచ్చట. కనుక్కునే వచ్చాను."

ఆయన గోడకున్న చొక్కా అందుకున్నాడు. పై కాజాలో కింది బొత్తం పడింది. ఆమె చూసింది, చెప్పలేదు. పక్కనున్న మేకుకు, ఏడేళ్ళుగా ముట్టని చిన్న సుత్తి వేలాడుతోంది. దాన్ని తీసి, కర్ర పిడి తుడిచి, జేబులో వేసుకున్నాడు. తర్వాత బల్ల సొరుగు లాగి వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం కావాలి బాబాయ్?"

"సుద్దముక్క," అన్నాడు. "ఎక్కడో ఉండాలి. ఒక్క నిమిషం ఆగమ్మా."